నెల రోజుల్లో నవల: రెండో వారంలో ఉత్సాహం తగ్గినప్పుడు ఏం చేయాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మీరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ రాయదుర్గం వైపు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నారు. నలుగురు మిత్రులతో కలిసి నవంబరు నెలలో 50,000 పదాల నవల రాయాలని సంకల్పించారు. 1908 నాటి మూసీ వరదతో మొదలై మూడు తరాల పాటు సాగే కుటుంబ కథ మీది. మొదటి వారం రాత సాఫీగానే సాగింది గానీ, పన్నెండో రోజు ముగిసేసరికి 11,000 పదాల దగ్గర ఆగిపోయారు, ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరవడానికే మనసు రావడం లేదు. ఉత్సాహాన్ని నిలబెట్టుకోవడం ఎలాగని అడిగారు, నెలాఖరుకు పూర్తికాకపోతే ఇంతవరకు పడిన శ్రమ వృథాయేనా అని కూడా అడిగారు. నేను చాలా ఏళ్లుగా నవలలు రాస్తున్నాను, ఇటువంటి నెల రోజుల ప్రయత్నాలు పలుమార్లు చేశాను, హైదరాబాదులో కొత్తగా రాస్తున్నవారి చిత్తుప్రతులు చదివి సూచనలు ఇస్తున్నాను. అందువల్ల మీ ప్రశ్నకు కాస్త వివరంగానే సమాధానం చెప్పాలనిపించింది.

రెండో వారంలో ఉత్సాహం తగ్గడాన్ని దాదాపు అందరూ తమ స్వభావ లోపంగా భావిస్తారు. తమకు పట్టుదల లేదని, క్రమశిక్షణ లేదని, అసలు రచయిత కావడానికి తాము తగినవారు కాదేమోనని అనుకుంటారు. నేను చూసినంతలో అది స్వభావానికి సంబంధించిన విషయం కాదు, కథకు సంబంధించిన విషయం. మొదటి వారంలో మీరు రాసిన సన్నివేశాలన్నీ నెలల తరబడి మీ మనసులో తిరుగుతున్నవే. వరద రాత్రి, తప్పిపోయిన బిడ్డ, ఒడ్డున కూర్చున్న తాత వంటివి మీరు కొత్తగా కల్పించినవి కావు, అప్పటికే మీలో ఉన్నవాటిని కాగితం మీద పెట్టారంతే. ఆ నిల్వ 10,000 పదాల ప్రాంతంలో అయిపోతుంది. ఆ తర్వాత రేపు ఏ సన్నివేశం రాయాలో మీకు తెలియదు, తెలియని పని ముందు కూర్చోవడానికి మనసు ఒప్పుకోదు. మనం దానికి ఉత్సాహం లేకపోవడం అని పేరు పెడుతున్నాం. కాబట్టి నా సమాధానమంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: ఉత్సాహం కోసం వెతకవద్దు, రేపటి సన్నివేశం కోసం వెతకండి. అది దొరికిన రోజున మనసు దానంతట అదే రాతబల్ల దగ్గరికి వస్తుంది.

ముందుగా ఆ 50,000 అనే అంకె సంగతి చూద్దాం, ఎందుకంటే మీ నిస్పృహలో కొంత భాగం అక్కడి నుంచే వస్తోంది. నెల రోజుల్లో నవల రాయాలనే ఈ సవాలును 1999లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బాటీ అనే ఆయన 21 మందితో ప్రారంభించారు. మొదటి ఏడాది అది జులైలో జరిగింది, మరుసటి ఏడాది నుంచి నవంబరుకు మారింది. దాన్ని నిర్వహించిన సంస్థ 2025లో మూతపడినా, ఆ అలవాటు మాత్రం మీలాంటి మిత్రబృందాల్లో కొనసాగుతూనే ఉంది. 50,000ను 30తో భాగిస్తే రోజుకు 1,667 పదాలు వస్తాయి. అయితే ఆ లెక్క ఇంగ్లీషులో రాసేవారి కోసం పుట్టింది. తెలుగులో విభక్తులు, సహాయక క్రియలు, సందేహార్థకాలు అన్నీ మాటలోనే కలిసిపోతాయి. ‘వెళ్లలేకపోతున్నాడేమోనని’ అని రాస్తే కంప్యూటర్ దాన్ని ఒక్క పదంగానే లెక్కిస్తుంది. అంటే అదే కథను తెలుగులో చెప్పడానికి తక్కువ పదాలు సరిపోతాయి, అదే అంకెను తెలుగులో అందుకోవాలంటే ఎక్కువ కథ చెప్పాలి. ఇంగ్లీషులో రాసే మిత్రుడి అంకెతో మీ అంకెను పోల్చుకుని కుంగిపోవడంలో న్యాయం లేదు. మీ బృందంలో ఒకరిద్దరు ఇంగ్లీషులో రాస్తున్నామన్నారని మీరు పేర్కొన్నారు కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక మీ లెక్కకు వద్దాం. పన్నెండు రోజులకు 20,000 పదాలు ఉండాలి, మీ దగ్గర 11,000 ఉన్నాయి. మిగిలిన 39,000 పదాలను పద్దెనిమిది రోజులకు పంచితే రోజుకు సుమారు 2,170 అవుతాయి. ఉద్యోగం చేస్తూ ఇప్పటికే వెనుకబడిన మనిషి రేపటి నుంచి అంతకు ముందుకంటే ఎక్కువ రాయాలని నిర్ణయించుకుంటే, మూడో రోజుకల్లా ఆ నిర్ణయం కూలిపోతుంది, దానితో పాటు నవలా కూలిపోతుంది. అందువల్ల ఈ రోజే లక్ష్యాన్ని మార్చుకోమని నా సూచన. నెలాఖరుకు 30,000 పదాలు అనుకుంటే మీకు మిగిలింది 19,000, అంటే రోజుకు వెయ్యికి కాస్త ఎక్కువ. తెలుగులో 30,000 పదాలు గట్టి కథే, అంతకంటే చిన్న నవలికలు మన భాషలో చాలా ఉన్నాయి. లక్ష్యం తగ్గించుకోవడాన్ని ఓటమిగా భావించే మిత్రులు మీ బృందంలో ఉంటే వారి మాట పక్కన పెట్టండి. ఈ సవాలు ఉద్దేశం రోజూ రాసే స్థితికి మిమ్మల్ని తీసుకురావడం, అంకె అందుకు సాధనం మాత్రమే.

నెలలోపు నవల పూర్తిచేయడం మనకు బయటి నుంచి వచ్చిన వింత ఏమీ కాదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ ప్రకటించినప్పుడు విశ్వనాథ సత్యనారాయణ గారు వేయి పుటలకు చేరువైన ‘వేయిపడగలు’ నవలను 29 రోజుల్లో పూర్తిచేశారని, ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసిపెట్టారని మన సాహిత్య చరిత్రలో ప్రసిద్ధి. ఆ పోటీలో బహుమతిని అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’తో కలిపి పంచారు. ఈ ఉదాహరణను కొత్తవారి ముందు పెట్టినప్పుడు కొందరు మరింత భయపడతారు, అంతటివారితో మనకు పోలికేమిటని. నేను దాన్ని ప్రస్తావించేది ప్రతిభ కోసం కాదు. ఆ నవల వెనుక ఉన్న ఊరు, మనుషులు, వారి మాటతీరు ఆయనలో ఏళ్ల తరబడి నిలిచి ఉన్నవి. చెప్పవలసింది ముందే తెలిసి ఉంటే చేయి ఎంత వేగంగా సాగగలదో అది చూపిస్తుంది. మనలో చాలామందికి అంత నిల్వ ఉండదు కనుక, ఎప్పటికప్పుడు సమకూర్చుకుంటూ పోవాలి. ఆ సమకూర్చుకునే పద్ధతి మీకు ఇప్పుడు అవసరం.

రోజు రాత ముగించేటప్పుడు, పూర్తిగా అలసిపోయేదాకా రాయకుండా, చివరి పది నిమిషాలు మిగుల్చుకోండి. ఆ పది నిమిషాల్లో రేపటి సన్నివేశం గురించి అయిదు వాక్యాలు మామూలు భాషలో రాసుకోండి. అది ఎక్కడ జరుగుతుంది, అందులో ఎవరెవరు ఉన్నారు, వారిలో ఒకరికి ఆ క్షణంలో ఏం కావాలి, దాన్ని అడ్డుకునేది ఎవరు లేక ఏది, సన్నివేశం ముగిసేసరికి మొదట్లో లేని ఏ మార్పు వస్తుంది అన్నవే ఆ అయిదు. ఈ చివరి ప్రశ్నకు సమాధానం దొరకకపోతే ఆ సన్నివేశం నవలకు అక్కరలేదని అర్థం, మరొకటి ఆలోచించండి. సమాధానం దొరికితే మాత్రం, మరునాడు ఉదయం ఖాళీ పేజీ ముందు కూర్చున్న భావన ఉండదు, సగం చెప్పిన మాటను పూర్తిచేస్తున్న భావన ఉంటుంది. ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆ సన్నివేశంలోని మొదటి సంభాషణ కూడా రాసి వదిలేస్తే మరీ మంచిది. వారపత్రికలకు ధారావాహికలు రాసిన మన రచయితలు ప్రతి భాగాన్నీ పాఠకుడు తర్వాతి వారం కోసం ఎదురుచూసే చోట ఆపేవారు. మీరు కూడా మీ రాతను మీరే ఎదురుచూసే చోట ఆపాలి.

మీ కథనే తీసుకుని ఇది ఎలా పనిచేస్తుందో చూపిస్తాను. 1908 సెప్టెంబరు 28న వచ్చిన ఆ వరదలో అఫ్జల్ పూల్, ముసల్లం జంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెన తెగిపోయాయి, రెండు ఒడ్లనూ కలిపే దారిగా పురానాపూల్ మాత్రమే మిగిలింది. మీరు రాసిన సారాంశంలో కథానాయిక అఫ్జల్‌గంజ్ వైపు ఉంది, ఆమె పుట్టినిల్లు అవతలి ఒడ్డున ఉంది. వరద తీసిన మరునాడు తల్లిదండ్రులు బతికి ఉన్నారో లేదో తెలుసుకోవాలంటే ఆమె నదికి ఎగువగా పురానాపూల్ దాకా నడవాలి. వెళ్లవద్దని భర్త అంటాడా? అతడు వద్దంటున్నది ఆమె క్షేమం కోసమా, మరేదైనా కారణంతోనా? దారిలో ఆమెకు ఎవరు కలుస్తారు? వంతెన దగ్గర చేరిన జనంలో ఆమెకు తెలిసిన ముఖం ఏదైనా కనిపిస్తుందా? అవతలికి చేరాక అక్కడ చూసినదాన్ని తిరిగివచ్చి భర్తకు చెబుతుందా, దాచుకుంటుందా? ఒక్క వాస్తవం నుంచి నాలుగయిదు సన్నివేశాలు వచ్చాయి, కనీసం నాలుగు రోజుల రాత సమకూరింది. ఆమె దాచుకున్నది రెండో తరంలో బయటపడితే, మీరు ఆగిపోయిన మధ్యభాగానికి కావలసిన ముడి కూడా అక్కడే దొరుకుతుంది.

ఈ సందర్భంలోనే పరిశోధన గురించి చెప్పాలి. గత నాలుగు రోజులుగా వరద గురించి చదువుతూ ఉన్నానని, అందుకే రాయలేకపోయానని మీరు రాశారు. ఆ కాలపు నగరం గురించి తెలుసుకోవాలన్న మీ తపన నాకు అర్థమవుతుంది. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో కూర్చుంటే రోజులు తెలియకుండా గడిచిపోతాయి. అయినా నవంబరు నెలలో అటు వెళ్లవద్దనే నేను చెబుతాను. వాస్తవాల్లో రెండు రకాలు ఉంటాయి. కొన్ని సన్నివేశాన్ని పుట్టిస్తాయి, కొన్ని సన్నివేశానికి అలంకారంగా మిగిలిపోతాయి. వంతెనలు తెగిపోవడం మొదటి రకం. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారన్నది కూడా మొదటి రకమే, ఎందుకంటే ఆ కొమ్మల మీద రాత్రంతా పక్కపక్కన గడిపిన ఇద్దరు అపరిచితుల మధ్య ఏర్పడే బంధం ఒక నవలకు సరిపోతుంది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయన్నది, మీ రెండో తరం మనిషి ఆ కట్టల మీద కూలికి వెళ్లినవాడైతే తప్ప, ఇప్పటికి రెండో రకమే. మొదటి రకం వాస్తవాలు మూడు నాలుగు చేతిలో ఉంటే నెల గడిచిపోతుంది. మిగిలినవి అవసరమైన చోట ‘చూడాలి’ అని ఒక్క మాట రాసి ముందుకు వెళ్లండి. నాటి టాంగా కిరాయి ఎంతో, దీపంలో ఏ నూనె పోసేవారో, వీధికి అప్పటి పేరేమిటో తెలియని ప్రతిచోటా ఆ మాటే పెట్టండి. డిసెంబరులో ఆ మాట కోసం దస్త్రమంతా వెతికి, ఒక్కొక్కటిగా పూరించుకోవచ్చు. అప్పుడు గ్రంథాలయంలో మీరు గడిపే సమయం కూడా ఎంతో ఫలవంతంగా ఉంటుంది, ఎందుకంటే ఏం అడగాలో తెలిసి వెళతారు.

రాతను ఆపేసే మరో విషయం భాష. హైదరాబాదులో తెలుగు నవల రాసేవారికి ఇది తప్పని సమస్య. కథనం ఏ తెలుగులో నడవాలి, పాత్రలు ఏ తెలుగులో మాట్లాడాలి, పాతబస్తీ పాత్ర నోట వచ్చే ఉర్దూను ఎంతవరకు ఉంచాలి అన్న సందేహాలు ప్రతి పేజీలోనూ వస్తాయి. మీరు పంపిన రెండు పేజీల్లో మొదటిది పత్రికల భాషలో ఉంది, రెండోది మీ నాయనమ్మగారి నల్లగొండ మాటలో ఉంది, మధ్యలో ఎన్నోసార్లు కొట్టివేసి తిరగరాసిన గుర్తులు ఉన్నాయి. నిజానికి ఆ రెండో పేజీయే ప్రాణమున్న పేజీ, దాన్ని చదువుతుంటే మనిషి గొంతు వినిపించింది. అయినా ఈ నెలలో ఏది మేలన్న తీర్పు అవసరం లేదు. ఈ రోజు ఒక నిర్ణయం తీసుకోండి. కథనానికి ఒక భాష, సంభాషణల్లో ఎవరి భాష వారికి, ఇక నెలాఖరు దాకా వెనక్కి వెళ్లి సరిదిద్దడం ఉండదు. ఇరవయ్యో తేదీన మనసు మారి కథనమంతా నాయనమ్మ మాటలోనే ఉండాలనిపిస్తే, ఆ రోజు నుంచి అలాగే రాయండి గానీ, మొదటి అధ్యాయాన్ని ముట్టుకోవద్దు. నిన్నటి పేజీని దిద్దడం మొదలుపెట్టిన రోజున కొత్త పేజీ పుట్టదు, వరుసగా మూడు రోజులు కొత్త పేజీ పుట్టకపోతే కథ మీ మనసు నుంచి జారిపోతుంది. దిద్దుబాటు అవసరమైనదే, నవలను నవలగా నిలబెట్టేది అదే, కానీ దిద్దడానికి ముందు చిత్తుప్రతి అంటూ ఒకటి ఉండాలి.

మధ్యభాగం గురించి మరొక మాట. కొత్తగా రాసేవారు తమ దగ్గరున్న అన్నింటికంటే బలమైన రహస్యాన్ని చివరి అధ్యాయం కోసం దాచిపెడతారు. దాచిపెట్టిన కారణంగానే మధ్యలో రాయడానికి ఏమీ మిగలదు, పాత్రలు తిని, పడుకుని, కబుర్లు చెప్పుకుంటూ పుటలు నింపుతాయి. మీ కథలో ఆ బిడ్డ వరదలో పోలేదన్న సంగతిని చివరి పది పేజీల కోసం ఉంచుకున్నట్టు తెలుస్తోంది. దాన్ని ఈ వారంలోనే బయటపెట్టండి. రహస్యం బయటపడితే కథ అయిపోతుందని భయం వేయడం సహజం. నిజానికి అసలు కథ అప్పుడే మొదలవుతుంది. ఆ బిడ్డను పెంచినవారెవరు, ఎందుకు తిరిగి ఇవ్వలేదు, పెద్దవాడైన ఆ మనిషి ఇప్పుడు ఎవరిని అమ్మా అని పిలుస్తాడు అన్నవి పాఠకుడికే కాదు, మీకూ సమాధానం తెలియని ప్రశ్నలు. తెలుసుకోవాలన్న కోరికతో రాసే పేజీలకు ప్రత్యేకంగా ఉత్సాహం అరువు తెచ్చుకోనక్కరలేదు. అలాగే వరుసక్రమం తప్పకూడదన్న నియమం కూడా పెట్టుకోవద్దు. మూడో తరంలో మీరు ఎంతో ఇష్టపడి ఊహించుకున్న సన్నివేశం ఏదైనా ఉంటే దాన్ని రేపే రాసేయండి, అక్కడికి ఎలా చేరుకోవాలన్నది తర్వాత తెలుస్తుంది.

ఇక సమయం. రోజూ రెండు గంటలు ఏకధాటిగా దొరికే ఉద్యోగులు ఈ నగరంలో చాలా తక్కువ, సాయంత్రాలు విదేశీ కాల్స్ ఉండే మీకైతే అసలే దొరకవు. మీ ప్రయాణం దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా ఎరుపు మార్గంలో, అక్కడ మారి రాయదుర్గం దాకా నీలి మార్గంలో సాగుతుంది. ఉదయం రద్దీలో నిలబడటానికే చోటు ఉండదు కనుక అప్పుడు రాయాలని పట్టుబట్టవద్దు. ఆ సమయంలో రాత్రి రాసుకున్న అయిదు వాక్యాలను ఫోనులో ఒకసారి చదువుకుని, పాత్రలు ఏం మాట్లాడుకుంటాయో మనసులో వింటూ వెళ్లండి. తిరుగు ప్రయాణంలో కూర్చునే చోటు దొరికితే ఆ సంభాషణలను మాత్రం ఫోనులో టైపు చేయండి. సంభాషణలు చిన్న చిన్న వాక్యాలు, మధ్యలో స్టేషన్ వచ్చి ఆగినా తెగిపోవు. వర్ణన, కథనం మాత్రం ఇంట్లో, నిశ్శబ్దంలో, వీలైతే తెల్లవారుజామున రాయండి. నవంబరులో మన నగరంలో ఉదయాలు చల్లగా ఉంటాయి, ఇంటివారు లేవకముందు దొరికే ముప్పావు గంట పగటి రెండు గంటలకు సమానం. మీకు ఎంత సమయం కావాలో తెలియాలంటే ఒకరోజు పావుగంట గడియారం పెట్టుకుని ఆగకుండా రాసి, పదాలు లెక్కించండి. వెయ్యి పదాలకు ఎంతసేపు పడుతుందో అప్పుడు మీ అంకె మీకు తెలుస్తుంది, ఊహాగానాలు అక్కరలేదు.

టైపింగు నెమ్మదిగా సాగుతోందన్నారు. ఫోనులోనూ గూగుల్ డాక్స్‌లోనూ తెలుగులో మాట్లాడి రాయించుకునే సదుపాయం ఉంది. విరామచిహ్నాలు, ఒత్తులు తర్వాత సరిచేసుకోవాలి గానీ, కథ చెప్పే ధోరణి బాగా అలవడుతుంది. యూనికోడ్‌లోనే రాయండి. అచ్చుపని కోసం వాడే అను ఫాంట్లలో రాస్తే ఫోనుకూ కంప్యూటర్‌కూ మధ్య దస్త్రం మార్చుకోవడం కష్టమవుతుంది. రోజూ ఒక ప్రతిని ఈమెయిల్‌లో మీకు మీరే పంపుకోండి.

నవంబరులో మనకు కార్తీకమాసం వస్తుంది. సోమవారాల ఉపవాసాలు, పౌర్ణమి, వనభోజనాలు, పెళ్లిళ్లు ఉంటాయి, వాటిని తప్పించుకుని నవల రాయాలని ప్రయత్నిస్తే ఇంట్లో అసంతృప్తి, మీలో అపరాధభావం మిగులుతాయి. ఏయే రోజుల్లో రాయడం కుదరదో క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తుపెట్టి, ఆ రోజులకు సున్నా అని ముందుగానే రాసుకోండి. అనుకున్న సున్నా మనసును కుంగదీయదు, అనుకోని సున్నాయే కుంగదీస్తుంది. ఆ రోజుల్లో కూడా రాత్రి పడుకునే ముందు కథలోని ఒక్క వాక్యమైనా రాయగలిగితే కథతో ఉన్న దారం తెగిపోదు. ఇంట్లోవారికి కూడా విషయం స్పష్టంగా చెప్పండి: ఈ పద్దెనిమిది రోజులు ఉదయం ముప్పావు గంట నన్ను పిలవవద్దు, మిగతా రోజంతా నేను మీవాడినే అని. తాము దేనికి సహకరిస్తున్నామో తెలిసిన కుటుంబం సాధారణంగా సహకరిస్తుంది. మీ అమ్మగారికి వరద గురించి వాళ్ల అమ్మమ్మ చెప్పిన కబుర్లు గుర్తున్నాయన్నారు కదా, ఆదివారం ఆమె పక్కన కూర్చుని వాటిని వినండి. నవంబరులో నేను అనుమతించే పరిశోధన అదొక్కటే.

మిత్రబృందం విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది. ఈ నెలలో చిత్తుప్రతిని ఎవరికీ చూపించవద్దు. పూర్తికాని కథ మీద వచ్చిన పొగడ్త కూడా హాని చేస్తుంది, ఎందుకంటే మరునాడు మీరు కథ కోసం కాక ఆ పొగడ్త కోసం రాయడం మొదలుపెడతారు. విమర్శ సంగతి చెప్పనక్కరలేదు. వాట్సాప్ బృందంలో పదాల సంఖ్యను, రేపటి సన్నివేశం ఏమిటన్న ఒక్క వాక్యాన్ని మాత్రమే పంచుకోండి. వారానికి ఒకసారి కలిసి ఒకేచోట కూర్చుని, ఇరవై నిమిషాల చొప్పున మాట్లాడకుండా రాయండి, మధ్యలో చాయ్ తాగండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం పఠన మందిరంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు గంటల తరబడి తల ఎత్తకుండా కూర్చోవడం మీరు చూసే ఉంటారు. అటువంటి వాతావరణంలో పక్కన కూర్చుంటే మన చేయి కూడా ఆగదు. ప్రతిలిపి వంటి ఆన్‌లైన్ వేదికలో రోజుకొక భాగం ప్రచురిస్తే పాఠకులు ఎదురుచూస్తారని, అది ప్రోత్సాహంగా ఉంటుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చారన్నారు. కొందరికి అది నిజంగానే ఉపకరిస్తుంది. కానీ ప్రచురించిన భాగాన్ని వెనక్కి తీసుకుని మార్చడం కష్టం, మూడు తరాల కథలో మీరు మార్చవలసినవి చాలా ఉంటాయి. ధారావాహికగా ఇవ్వాలనుకుంటే చిత్తుప్రతి పూర్తయ్యాక ఇవ్వండి.

నిద్ర తగ్గించుకుని రాయవద్దు. ఒకటి రెండు రోజులు లాభం కనిపించినా, ఆ వారమంతా ఆలోచన మొద్దుబారుతుంది. మణికట్టు నొప్పి మొదలైతే ఆ రోజు మాట్లాడి రాయించుకోండి.

నిజంగా ఆపేయవలసిన సందర్భాలు కూడా ఉంటాయి. ఇంట్లో అనారోగ్యం, ఉద్యోగంలో గండం ఉన్నప్పుడు నవలను పక్కన పెట్టడం సరైన పనే. కానీ ‘ఈ కథ బాగాలేదు, మరో మంచి కథ తట్టింది’ అన్న కారణంతో మధ్యలో మారవద్దు. కొత్త కథ బాగా కనిపించడానికి కారణం దాని 10,000 పదాల నిల్వ ఇంకా ఖర్చు కాకపోవడమే. దాన్ని ఒక పేజీలో రాసి భద్రపరిచి, వెనక్కి రండి.

నెలాఖరుకు పూర్తికాకపోతే శ్రమ వృథాయేనా అన్న మీ చివరి ప్రశ్నకు సమాధానం ఇది. నవంబరు 30న మీ దగ్గర 25,000 పదాలు, మనసులో నిలిచిన ముగింపు ఉంటే, డిసెంబరులో రోజుకు అయిదు వందల చొప్పున రాసుకుంటూ పోయినా సంక్రాంతి నాటికి చిత్తుప్రతి పూర్తవుతుంది. ముప్పయ్యో తేదీన ఆగి విశ్రాంతి తీసుకోవద్దు, వేగం సగానికి తగ్గించుకుని కొనసాగించండి. పూర్తయ్యాక కనీసం మూడు వారాలు దాన్ని తెరవకుండా ఉంచి, తర్వాత కాగితం మీద ముద్రించుకుని మొదటి నుంచి చదవండి. ప్రచురణకర్తలకు పంపడం, పోటీలకు పెట్టడం అన్నీ ఆ చదువు, ఆ దిద్దుబాటు అయ్యాకే. ఈ రాత్రికి మాత్రం నవల రాయవద్దు. ఆమె పురానాపూల్ దాకా నడిచే సన్నివేశానికి ఆ అయిదు వాక్యాలు రాసుకుని పడుకోండి. మీ దిద్దుబాటు మొదలైనప్పుడు మళ్లీ రాయండి, మధ్యభాగం ఎలా నిలబడిందో కలిసి చూద్దాం.